పిలుపునకు వచ్చు బండి

బందరునుండి బెజవాడకు పోదలచిన మనిషి పూర్వము "బండి ఎన్ని గంటలకు?" అని అడుగువాడు కాడు, "కాలువలో నీరున్నదా?" అని అడుగువాడు. 1855లో బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైనది. దానినుండి ఇరువైపుల సాగిన కాలువలు పొలములకు నీరు పారించుటకే కాక పడవలు నడచుటకు కూడ అనుకూలముగ త్రవ్వబడినవి. ఈ దేశమునకు రైలుబండికన్న నీటిబాటయే చౌకయని ఆర్థర్ కాటన్ దొర జీవితాంతము వాదించెను. ఆ వాదమునకు గోదావరి, కృష్ణా డెల్టాలనే సాక్ష్యముగ చూపెను. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువ, పోలరాజు కాలువ, ఆవలి గట్టున కొమ్మమూరు కాలువ, ఇవి ఆనాటి రాజమార్గములు. కాకినాడలో పడవ యెక్కినవాడు గోదావరి కాలువల మీదుగా ఏలూరు కాలువలో ప్రవేశించి, బెజవాడవద్ద కృష్ణ దాటి, కొమ్మమూరు కాలువ, అటుపై బకింగుహాము కాలువ పట్టుకొని చెన్నపట్టణములో దిగుటకు వీలుండెను.

ఆ కాలువలపై జనమును చేరవేయు పడవలను రహదారి పడవలనెడివారు. గాలి అనుకూలించినపుడు తెరచాప, లేనిచో గెడ, అదియు చాలనిచో ఇద్దరు ముగ్గురు మనుషులు గట్టుమీద నడచుచు త్రాడు భుజమున వేసికొని లాగుట. ఇంతియే వారి యంత్రసామగ్రి. రాత్రి భోజనము చేసి పడవలో నడుము వాల్చినవాడు తెల్లవారుసరికి ఎంతదూరము పోవునో సరంగు కూడ చెప్పలేడు. లాకువద్ద ఆగి, ఎగువనీరు దిగువనీరు సమమగువరకు ఓపిక పట్టవలెను. వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీయు రోజులలో పడవలు ఎక్కడివక్కడ నిలిచిపోవలసినదే. అయినను ఆ పడవకొక సుగుణము కలదు. గట్టుమీద నిలబడి కేక వేసినవానికొరకు అది ఒడ్డునకు వచ్చెడిది. ఎక్కువాడు ఎక్కడనున్న అక్కడే రేవు. దానితోపాటు ఒక దుర్గుణమును కలదు. జనము నిండనిదే అది బయలుదేరునది కాదు. రేపు కోర్టులో వాయిదా యున్నదని కక్షిదారుడు ఎంత మొత్తుకొన్నను, సరంగు మరి నలుగురికొరకు గట్టువంక చూచుచునే యుండెడివాడు.

పిలిచినచోట ఆగుట, నిండువరకు కదలకుండుట, ఈ రెండును కవలపిల్లలు. ఒకదానిని పిలిచినచో రెండవది కూడ వెంట వచ్చును. నేడు సెల్ ఫోనులో వ్రేలితో తాకినంతనే బండిని వాకిటికి పంపుదుమని చెప్పు కంపెనీలు ప్రపంచమంతట వెలసినవి. అందు కొన్ని ఒంటరి ప్రయాణికునకు కారో, ఆటోయో, మోటారు సైకిలో పంపును. మరికొన్ని నగరపాలక సంస్థలతో ఒప్పందము చేసికొని, నియమితమైన దారియు వేళయు లేని చిన్న బస్సులను జనము కోరినచోటికి కోరినపుడు నడుపును. ఇదంతయు నిన్న మొన్నటి వింతయని పలువురి అభిప్రాయము. యంత్రము క్రొత్తదే. కాని బండి కదలు వేళను నిర్ణయింపవలసినది ఎక్కువాడా, నడుపువాడా, ప్రభుత్వమా అను తగవు మాత్రము మన కృష్ణా జిల్లాకు క్రొత్తది కాదు. ఒకప్పుడది ఇక్కడనుండి బయలుదేరి ఢిల్లీలోని సుప్రీంకోర్టువరకు పోయినది.

ఆ కథకు ముందు రైలు సంగతి కొంచెము చెప్పవలెను. 1908లో బెజవాడనుండి గుడివాడమీదుగా బందరునకు రైలు వచ్చినది. 1928లో గుడివాడనుండి భీమవరమునకు మరియొక మార్గము వేయబడుటతో గుడివాడ జంక్షను అయినది. రైలుతో ఈ ప్రాంతమునకు వచ్చిన అసలు క్రొత్తదనము వేగముకన్న వేళయే యని నాకు తోచును. జమీందారు వచ్చినను కూలివాడు వచ్చినను గంట కొట్టినపుడు బండి కదలును. గడియారము చూచి ఇల్లు కదలుట డెల్టా గ్రామములకు నేర్పినది రైలే. అయితే ఆ పాఠము దివిసీమకు అందలేదు. కృష్ణ పులిగడ్డవద్ద రెండుగ చీలి సముద్రమును చేరు లోపల ఏర్పడిన ఆ లంకభూమికి నేటివరకు రైలు లేదు. బందరునుండి రేపల్లెకు రైలుమార్గము వేయవలెనను కోరిక దశాబ్దములుగ కోరికగనే యున్నది.

రైలు పోని ఊళ్లకు బస్సు వచ్చినది. రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందే కోస్తా జిల్లాలలో సొంతదారుల బస్సులు విరివిగ నడచుచుండెను. ఒక ఆసామి, ఒకటి రెండు బండ్లు, ఒక డ్రైవరు, ఒక క్లీనరు. కంపెనీ యనగా తరచుగ అంతియే. యుద్ధకాలమున పెట్రోలునకు కరవు రాగా, బండి వెనుక ఇనుప పీపా వంటి పొయ్యి బిగించి, బొగ్గు కాల్చగా వచ్చు వాయువుతో నడిపిరి. ఉదయము బండి బయలుదేరుటకు ముందు క్లీనరు కుఱ్ఱవాడు చాలసేపు చక్రము త్రిప్పి నిప్పు రాజేయవలసి యుండెడిది. ఆ బొగ్గు బస్సుల ముచ్చటలు మా ఇంటి పెద్దలు చెప్పగా నేను విన్నవాడను. చేయి యెత్తినచోట బస్సు ఆగెడిది. పుట్టింటినుండి పోవు ఆడపడుచు పసుపు కుంకుమలు పుచ్చుకొని వాకిలి దాటువరకు వీధి చివర నిలిచెడిది. జనము పలుచగ నున్ననాడు రానేరానిది. వచ్చినను, ఎదుటి కంపెనీ బండికంటె ముందు తరువాతి ఊరు చేరి అక్కడి జనమును ఎక్కించుకొనవలెనని దుమ్ము రేపుకొని పోయెడిది. రహదారి పడవ గుణములే చక్రములు తొడిగికొని రోడ్డెక్కినవన్నమాట.

ఇది మనకే పరిమితమైన విశేషము కాదు. 1914లో అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున కొందరు తమ కార్లను ట్రాముల ముందు నడుపుచు, అయిదు సెంట్లకు జనమును ఎక్కించుకొన నారంభించిరి. ఆ అయిదు సెంట్ల నాణెమునకు వాడుకలో నున్న పేరునుబట్టి వానిని జిట్నీలనిరి. సంవత్సరము తిరుగులోపల అవి దేశమంతట వ్యాపించినవి. లాభమున్న దారిలో, లాభమున్న వేళలో మాత్రమే అవి నడచెననియు, వేకువజామునను అర్ధరాత్రియు ఖాళీగ నడువవలసిన భారము తమపై పడినదనియు ట్రాము కంపెనీలు గోల పెట్టినవి. నగరములు పూచీకత్తు, లైసెన్సు నిబంధనలు విధింపగా కొలది యేండ్లలోనే జిట్నీలు చాలవరకు అంతరించినవి. వెన్న ఒకరు తీసికొని మజ్జిగ మరియొకరికి విడిచిపెట్టుట అను ఈ ఫిర్యాదు మనకు మరల వినబడును.

1939లో వచ్చిన మోటారు వాహనముల చట్టము అద్దెకు జనమును ఎక్కించుకొను బండ్లను ముఖ్యముగ రెండు తెగలుగ విభజించెను. మొదటిది స్టేజి క్యారేజి. ఒక్కొక్క ప్రయాణికునినుండి విడివిడిగ ఛార్జీ పుచ్చుకొని, దారిలో ఎక్కించుచు దించుచు పోవునది. రెండవది కాంట్రాక్టు క్యారేజి. బండి మొత్తమును ఒకరు మాటాడుకొని, ఒకచోటినుండి మరియొకచోటికి పోవునది; ఒప్పందములో లేని మనిషిని అది దారిలో ఎక్కించుకొనరాదు. పెండ్లివారి బస్సు రెండవ తెగ. గుడివాడ బస్సు మొదటి తెగ. చట్టము దృష్టిలో రెంటికిని నడుమ గోడ కలదు. స్టేజి క్యారేజికి దారి, వేళలు, ఛార్జీ అన్నియు పర్మిటులో వ్రాయబడును. 1988లో వచ్చిన క్రొత్త చట్టము కూడ ఈ గోడను కూల్చలేదు. శ్రోతలు ఈ భేదమును గుర్తుంచుకొన ప్రార్థన. తరువాత దీనితో పని యున్నది.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట బస్సులను ప్రభుత్వమే నడుపవలెనను భావము బలపడెను. తెలంగాణమునకు ఇది క్రొత్త కాదు. నిజాం రైల్వేవారు 1932లోనే 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖ నారంభించియుండిరి. కోస్తాలో మాత్రము రోడ్లు సొంతదారుల చేతులలోనే యుండెను. 1956లో పార్లమెంటు మోటారు చట్టమునకు క్రొత్త అధ్యాయము చేర్చి, ప్రభుత్వ రవాణా సంస్థ ఒక పథకము ప్రకటించి, అభ్యంతరములు విని, ఏ మార్గమునైనను స్వాధీనము చేసికొనవచ్చునని ఏర్పాటు చేసెను. ఆ యేడే ఆంధ్రప్రదేశ్ అవతరించెను. మరుసటి సంవత్సరము క్రొత్త రాష్ట్రప్రభుత్వము కోస్తాలో కృష్ణా జిల్లా బస్సులపై ఆ చట్టమును ప్రయోగించెను.

పథకము ప్రకటింపబడినది. బస్సు యజమానులు అభ్యంతరములు దాఖలు చేసిరి. 1957 డిసెంబరు 26న, అనగా ప్రకాశం బరాజు పూర్తియైన నెలలోనే, రవాణాశాఖ బాధ్యత వహించు ప్రభుత్వ కార్యదర్శి వారి వాదములు వినెను. ఆ కాగితములు ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారి ముందుంచగా, 1958 జనవరి 7న అభ్యంతరములు త్రోసివేయబడి పథకము ఆమోదింపబడెను. జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ అవతరించెను. నేడు మనమందరము ఆర్టీసీ యని పిలుచు సంస్థ అదియే.

గుల్లపల్లి నాగేశ్వరరావుగారును మరికొందరు యజమానులును నేరుగ సుప్రీంకోర్టుకెక్కిరి. న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికిని చదువుకొను వ్యాజ్యమది. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనములో అధికసంఖ్యాకుల పక్షమున 1958 నవంబరులో తీర్పు వ్రాసినవారు మన తెలుగువారే, జస్టిస్ కోకా సుబ్బారావుగారు. ప్రభుత్వము బస్సులు నడుపరాదని ఆయన అనలేదు. ఆయన పట్టుకొన్నది వినికిడిని. పథకము రవాణాశాఖ ప్రతిపాదించినది. అభ్యంతరములు విన్నవాడు ఆ శాఖకే పెద్ద. తన వ్యవహారమున తానే తీర్పరి యగుట యెట్లు? అది ఒక దోషము. రెండవది ఇంకను సూక్ష్మమైనది. వాదములు విన్నవారు ఒకరు. నిర్ణయము చేసినవారు మరియొకరు. ఎదుటివాని మాట ముఖాముఖి విని, సందేహము కలిగినచోట ప్రశ్నించి తెలిసికొనుట నిర్ణయించువాని పని. విన్నవాడు నిర్ణయింపక, నిర్ణయించువాడు వినకున్నచో, ఆ వినుట ఉత్త తంతుగ మిగులునని ఆయన తేల్చెను. పథకము కొట్టివేయబడెను.

ఇక్కడితో యజమానులు గెలిచినారనుకొనరాదు. ఈసారి ముఖ్యమంత్రియే స్వయముగ అభ్యంతరములు వినిరి; వినియు త్రోసివేసిరి. యజమానులు పక్షపాతమని మరల సుప్రీంకోర్టుకు పోయిరి. 1959లో కోర్టు ఆ వాదమును అంగీకరింపలేదు. ఈ తీర్పును వ్రాసినవారు కూడ సుబ్బారావుగారే. కృష్ణా జిల్లా రోడ్లు ఆర్టీసీ వశమైనవి. బండ్లు పోయినవారి బాధ బాధయే. ఒక బస్సుపై బ్రతికిన కుటుంబమునకు సుప్రీంకోర్టు సూక్ష్మములు అన్నము పెట్టవు. కాని ఈ వ్యాజ్యపు కాగితములలో ఒక లోటు నాకెప్పుడును కానవచ్చును. యజమాని తన మాట చెప్పుకొనెను. ప్రభుత్వము తన మాట చెప్పుకొనెను. అవనిగడ్డనుండి బందరు ఆసుపత్రికి బిడ్డను తీసికొనిపోవు తల్లికి బస్సు ఎన్ని గంటలకు కావలెనో చెప్పుటకు ఆ కోర్టులో ఆమె పక్షమున వకీలు లేడు.

ఆమె పక్షమున ఆర్టీసీ కొంత చేసినదనుట న్యాయము. బందరు, గుడివాడ, అవనిగడ్డ డిపోలు తమ చుట్టుపట్ల గ్రామములను వేళలతో కట్టివైచినవి. వానిలో నాకు అన్నిటికంటె గొప్పగ తోచునది నైట్ హాల్టు బస్సు. రాత్రి చివరి ట్రిప్పుగ గ్రామమునకు పోయి, రామాలయము ముందో రావిచెట్టు క్రిందనో నిదురించి, తెల్లవారుజామున మొదటి ట్రిప్పుగ పట్టణమునకు బయలుదేరు బస్సది. డ్రైవరు, కండక్టరు ఆ రాత్రికి ఊరి అతిథులు. పాల బిందెలు, కూరగాయల తట్టలు, కాలేజి పిల్లలు, కోర్టు పక్షులు, మందులకు పోవు ముసలివారు అందరును దానికొరకే మేల్కొనెడివారు. లెక్కల పుస్తకములో అట్టి ట్రిప్పు తరచుగ నష్టపు ఖాతాలోనే యుండును. అది రేపు కూడ వచ్చునను నమ్మకమునకు ఏ ఖాతాలోను పద్దు లేదు. ఆ నమ్మకముతోనే కోడూరు పిల్లవాడు బందరు కాలేజిలో చేరెను. హంసలదీవిలో మాఘపూర్ణిమ సముద్రస్నానములకు ఆ ఒక్కనాడు బస్సులు పెంచి నడుపుట మరియొక రీతి. అది పిలుపునకు పలుకుటయే, కాని పిలుచునది ఒక మనిషి కాదు, పంచాంగము.

ఆర్టీసీ వేళలకు నడుమ మిగిలిన ఖాళీలలో ఆటోలు పుట్టినవి. మొదట ముగ్గురి బండి. పిదప ఏడుగురు, పదుగురు క్రిక్కిరియు షేరు ఆటో. చట్టము ప్రకారము ఆటో కాంట్రాక్టు క్యారేజియే. ఒకరు మాటాడుకొని పోవలసినది. గుడివాడ సెంటరులోనో బందరు కోనేరు సెంటరులోనో అయిదు నిమిషములు నిలిచినచో ఆ గోడ ఏనాడో కూలినదని తెలియును. తలకింతయని విడిగ ఛార్జి, దారిపొడవున ఎక్కుట, దిగుట, నిండువరకు కదలకుండుట. సరంగు మరల వచ్చినాడు. ఈసారి ఖాకీ చొక్కా తొడిగికొని వచ్చినాడు.

ఇక సెల్ ఫోను కంపెనీల సంగతి. పిలుపునకు వచ్చు బస్సు అను ఆలోచన సెల్ ఫోనుకన్న పెద్దది. 1972లో అమెరికాలోని న్యూజెర్సీలో హాడన్‌ఫీల్డ్ అను పట్టణమున టెలిఫోను చేసినవారి ఇంటికి చిన్న బస్సు పంపు పద్ధతిని ప్రయోగించి చూచిరి. దారులు నిర్ణయించుటకు కంప్యూటరు సహాయము పొందిరి. 1974 చివర కాలిఫోర్నియాలో శాంతాక్లారా కౌంటీ ఆ పద్ధతినే పెద్ద యెత్తున ఆరంభించెను. పిలుపులు వెల్లువగ వచ్చి టెలిఫోనులు అందక, బండ్లు చాలక, 1975 మే నెలలోనే విరమింపవలసి వచ్చెను. జనము రానందువలన కాక, ఎక్కువగ వచ్చినందువలన మునిగిన సంస్థ యిది. మామూలు బస్సులో జనము పెరిగినకొలది ఒక్కొక్కరిపై ఖర్చు తగ్గును. పిలుపు బస్సులో ప్రతి క్రొత్త ప్రయాణికునకు క్రొత్త మలుపు, లోపలనున్నవారికి ఆలస్యము, సంస్థకు మరియొక బండి. ఈ లెక్కను నేటి యంత్రములు కూడ తప్పింపలేకున్నవి. ఫిన్లండు రాజధాని హెల్సింకీలో 2012లో ఆరంభమైన కుత్సుప్లస్ అను పిలుపు బస్సు సెల్ ఫోనుతోనే నడచెను. జనము మెచ్చుకొనిరి. ఒక్కొక్క ప్రయాణమునకు ప్రజాధనమునుండి ఇచ్చుకొనవలసిన సొమ్ము అధికమగుటచే 2015 డిసెంబరు 31తో దానిని నిలిపివేసిరి.

న్యూయార్కులో 2012లో పుట్టిన వయా అను కంపెనీ వేరొక దారి త్రొక్కెను. తానే బస్సులు నడుపుటకన్న, నగరములకు తన యంత్రగణితమును అమ్ముటయే మేలని గ్రహించెను. అమెరికాలో విల్సన్ అను సుమారు 50 వేల జనాభా గల పట్టణము 2020లో తన నియమిత బస్సు మార్గములను ఎత్తివేసి, ఆ కంపెనీ సహాయముతో అంతయు పిలుపు బండ్లపైనే నడుపుకొన్నది. ఇది విన్న మన పురపాలకులకు ఆశ పుట్టుట సహజము. బందరు జనాభా 2011 లెక్కల ప్రకారము సుమారు 1 లక్షా 70 వేలు. గుడివాడ 1 లక్షా 18 వేలు. విల్సనుకన్న పెద్ద ఊళ్లే. కాని ఇట్టి బండి గంటకు అయిదారుగురిని ఎక్కించుకొన్న గొప్ప. సాయంకాలము కాలేజి విడిచినవేళ గుడివాడ బస్టాండులో ఒక్క బస్సు తలుపు పట్టుకొని వ్రేలాడువారే అంతకుమించి యుందురు.

తెలుగువారు ఈ వ్యాపారమున వెనుకబడలేదు. 2005 దీపావళికి బెంగుళూరునుండి స్వస్థలమునకు బస్సు టిక్కెట్టు దొరకక చిక్కుపడిన ఫణీంద్ర సామా, మిత్రులతో కలసి 2006లో రెడ్‌బస్ స్థాపించిన కథ లోకవిదితము. అది సొంతదారుల బస్సులలోని ఖాళీ సీట్లను దేశమందరి కంటికి కనబడునట్లు చేసెను. 2015లో హైదరాబాదులో కమ్యూట్ అను సంస్థ ఉద్యోగులకొరకు యాప్‌తో బస్సులు నడుపుట ఆరంభించెను. దానిని 2018లో దుబాయి కంపెనీ కరీం కొనుగోలు చేసెను. హైదరాబాదు రద్దీలో నేర్చిన విద్య అరబ్బు నగరముల బస్సులకు పనికివచ్చునని వారు తలచిరి. 2015లోనే బెంగుళూరులో మొదలైన రాపిడో, అంతకుముందు వచ్చిన ఓలా, అమెరికానుండి వచ్చిన ఊబరు, ఇవి ఒంటరి ప్రయాణికుని బండ్లు, బెజవాడవరకు వచ్చినవి.

ఇట్టి బస్సులు బెంగుళూరు, ఢిల్లీ ప్రాంతములలో నడచినపుడు రవాణాధికారులు అడిగిన ప్రశ్న మన 1939 నాటిదే. నీ పర్మిటు కాంట్రాక్టు క్యారేజిది. నీవు పుచ్చుకొనునది తలకొక ఛార్జి. నీవు ఏ తెగ? కంపెనీలు చెప్పిన సమాధానము: మేము బండ్లు నడుపువారము కాము, ఎక్కువానిని నడుపువానిని కలుపువారము మాత్రమే. 2019లో మోటారు చట్టమును సవరించి, అట్లు కలుపువానికి అగ్రిగేటరని పేరు పెట్టి లైసెన్సు విధించిరి; 2020లో మార్గదర్శకములు వచ్చినవి. 2023లో ఢిల్లీ ప్రభుత్వము యాప్‌తో నడచు బస్సులకొరకు ప్రత్యేక పథకము ప్రకటించెను. గోడ నిలిచియే యున్నది. దానికొక తలుపు పెట్టినారు.

నా యభిప్రాయము దాపరికము లేక చెప్పెదను. ఈ కంపెనీల విద్యను నేను తీసివేయను. రాత్రి పదిగంటలకు బందరులో రైలు దిగిన ఒంటరి స్త్రీకి, బండి నంబరు, డ్రైవరు పేరు, దారి ముందుగ తెలియుట సామాన్యమైన మేలు కాదు. చేయి యెత్తి బేరమాడు శ్రమయు తప్పును. కాని సుబ్బారావుగారి ప్రశ్న ఇక్కడ మరల వేయవలసి యున్నది. పిలుపును వినునది యంత్రము. ఏ పిలుపునకు బండి పంపవలెను, దేనికి "బండ్లు లేవు" అని చూపవలెను, వాననాడు ఛార్జి ఎంత పెంచవలెను అని నియమములు చేయువారు ఎక్కడనో దూరనగరమున నుందురు. విన్నది ఒకటి, నిర్ణయించినది మరియొకరు. 1958లో కృష్ణా జిల్లా బస్సు యజమానికి దక్కిన పాటి వినికిడి, నేడు పిలిచియు బండి రాని ప్రయాణికునకు గాని, ఖాతా మూతపడిన డ్రైవరునకు గాని దక్కుచున్నదా? బండి రానిచో ఆర్టీసీ డిపో మేనేజరు బల్లముందు నిలబడి ఊరిపెద్దలు కేకలు వేయుట నేను చూచినాను. ఆ బల్ల అయినను ఒకటి యుండెడిది.

మరియొక భయము నష్టపు ట్రిప్పులది. పట్టణములో డబ్బు చెల్లింపగల ప్రయాణికులను పిలుపు బండ్లు తీసికొనిపోయినచో, రాత్రి పల్లెకు పోవు బస్సు నష్టము మరింత లోతగును. జిట్నీల నాడు ట్రాము కంపెనీలు పెట్టిన గోలయే యిది. ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1నుండి ప్రభుత్వోద్యోగులైరి. 2025 ఆగస్టు 15నుండి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలకు పల్లెవెలుగు మున్నగు బస్సులలో ఛార్జి లేకుండ ప్రయాణము కలిగినది. అనగా పల్లె బస్సు ఖర్చును ఊరంతయు కలసి భరించు పద్ధతివైపు ప్రభుత్వము ఒక అడుగు వేసినది. పిలుపు బండి దీనికి ఎదురుగ నిలుచునా, లేక బస్సు పోలేని సందులనుండి జనమును తెచ్చి బస్సువద్ద దించునా అనునది కంపెనీలు తమంతట తేల్చునది కాదు. పర్మిటు ఇచ్చువారు తేల్చవలసినది. అట్టి కూడలి బండ్లకు దివిసీమకంటె తగిన చోటు లేదని నేననుకొందును.

నా చిన్ననాడు పులిగడ్డనుండి కృష్ణ దాటి పెనుమూడి పోవుటకు పడవయే దిక్కు. ఆవలిగట్టు బంధువుల ఇంటి పెండ్లికి మా కుటుంబమంతయు రేవులో ఎండలో కూర్చుండి జనము నిండుటకు ఎదురుచూచినాము. ఈ శతాబ్దపు మొదటి దశాబ్దిలో అక్కడ వంతెన వచ్చినది. జాతీయ రహదారి దానిమీదుగనే పోవుచున్నది. నేడు ఆ నదిని దాటుట కారులోనివానికి కన్ను మూసి తెరచినంత పని. కాని నాగాయలంక దాటి సముద్రమువైపు పోయినకొలది కాలము వెనుకకు నడచును. ఎదురుమొండి దీవులవారు ఏటిమొగ రేవువద్ద పంటుపై దాటుట తరతరముల అలవాటు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలకొలది ప్రాణములను తీసికొనిపోయిన తీరమిది. ఇక్కడ దారి తెగుట యనగా నేమో పెద్దలకు చెప్పనక్కరలేదు.

ఒక కార్యక్రమము నిమిత్తము ఇటీవల ఆ రేవునకు పోయియుంటిని. పంటులో నా ప్రక్కన పీతల బుట్ట పెట్టుకొని ఒక నడివయస్కురాలు కూర్చుండెను. నీరు సగము దాటినంతనే చీరకొంగున ముడివేసిన సెల్ ఫోను తీసి, ఆవలిగట్టున నున్న ఆటో డ్రైవరును పిలిచెను. యాప్ లేదు, కంపెనీ లేదు. ఆ దీవిలో ప్రతివారికిని అతని నంబరు కంఠస్థము.

"ఒరే అబ్బాయ్, పంటెక్కానురా. నాగాయలంక పోవాలి, రేవుకాడికి రా."

స్పీకరులో అతని గొంతు నాకును వినబడెను.

"వత్తా పిన్నీ. పంటులో ఇంకో ఇద్దరున్నారేమో అడిగి చెప్పు."

ఆమె నావైపు తిరిగి చూచెను.